రిహార్సల్లో పలకని మాట

హోరేస్ బెల్‌షా తన యాభై ఒక్క ఏళ్ల నాటక జీవితంలో నలభై మూడుసార్లు చచ్చాడు, పదిసార్లు ఉరెక్కాడు, లెక్కలేనన్నిసార్లు “భోజనం సిద్ధమండీ” అన్నాడు. ఆయన సిద్ధమన్న భోజనాలన్నీ నిజంగా వండి వడ్డించి ఉంటే లాంకషైర్ జిల్లా మొత్తం మూడేళ్లపాటు పొయ్యి రాజేయకుండా బతికేది. శనివారం సాయంత్రం చచ్చినవాడు ఆదివారం రైలెక్కి, సోమవారం ఇంకో ఊళ్లో ఇంకొకడి చేతిలో చావడానికి తయారుగా ఉండేవాడు. అంత క్రమశిక్షణగా చచ్చినవాడు ఆ దేశంలో మరొకడు లేడు.

ఆయన పేరున్న నటుడు కాదు, ముఖమున్న నటుడు. బట్లరూ, పోలీసు జవానూ, చర్చి ఫాదరూ, శవపేటిక మోసేవాడూ, అప్పుడప్పుడూ పేటికలో ఉండేవాడూ, అన్నీ చిల్లర వేషాలే. టీవీలో కూడా ఓ ఇరవైసార్లు తలుపు తీశాడు. పేరు ఎవడికీ తెలీదు గానీ ముఖం మాత్రం ఇంట్లో పాత కుర్చీలా అందరికీ తెలుసు. ఆయనుండే బర్న్‌లీలో బస్సెక్కితే చాలు, ఎవరో ఒకావిడ పక్కకి తిరిగేది.

“మిమ్మల్నెక్కడో చూశానండీ. గ్యాస్ ఆఫీసులో చేసేవారు కదూ?”

“చేశానమ్మా.”

“మా చెల్లెలి పెళ్లికి కూడా వచ్చారు.”

“వచ్చాను. కేకు బ్రహ్మాండం.”

కాదంటే పాపం అవతలి మనిషి చిన్నబుచ్చుకుంటుందని ఆయన బాధ. పక్క సీట్లో ఆయన భార్య విన్నీ మోచేత్తో పొడిచేది. విన్నీ ఒకప్పుడు నాటక కంపెనీల్లో దుస్తులు కుట్టిన మనిషి. నోరు సూది, మనసు దారం.

“ఏదో ఒకరోజు ఎవత్తో వచ్చి నువ్వే నా మొగుడివంటుంది. దానికీ సరేనంటావు.”

“కేకుని బట్టి చూద్దాం.”

పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో తన ముఖానికి తానే దణ్ణం పెట్టుకునే అలవాటు ఉండేది ఆయనకి. గర్వంతో కాదు, కృతజ్ఞతతో. నూలు మిల్లులో పత్తి దులిపేవాడి కొడుకుని ఈ వంకర ముక్కే గదా రాజుగారి దర్బారులోకి తీసుకుపోయింది, ఒక్క జన్మలో నాలుగొందలమంది బతుకులు బతకనిచ్చింది! దేవుడు తనకి అందం ఇవ్వకపోవడం ఎంత మంచిదైందో అని తలుచుకుని తలుచుకుని మురిసిపోయేవాడు. అందగాళ్లకి నలభై దాటాక పని తగ్గిపోతుంది. వంకర ముక్కుకి వయసు లేదు.

కాకపోతే కొన్నేళ్లుగా మనవాడికి లోపల ఒక దొంగ బెంగ పట్టుకుంది. జ్ఞాపకం జారుతోంది. కొన్నేళ్ల కిందట ఒక చలికాలం ఏదో నాటకంలో భోజనం సిద్ధమని చెప్పి వెళ్లినవాడు రెండు నిమిషాలకి మళ్లీ వచ్చి భోజనం సిద్ధమన్నాడు. దొరసాని వేషం కట్టినావిడ గట్టి పిండం కాబట్టి సరిపోయింది. “ఇందాకటిది ఏం రుచిగా లేదులే, ఈసారైనా ఉప్పు వేశారా?” అని గట్టెక్కించింది. అప్పట్నుంచి ఆయన తన మాటల్ని పెన్సిలుతో టోపీ లోపలా, పళ్లెం అడుగునా, చొక్కా కఫ్ మీదా రాసుకోవడం మొదలుపెట్టాడు. సంగతి విన్నీకి ఒక్కదానికే తెలుసు. బయటపడితే ఇంక ఏ కంపెనీ పిలవదు. డెబ్భై మూడేళ్ల ముసలివాణ్ణి జాలిపడి పార్కులో పావురాలకి గింజలేయమంటారు తప్ప వేషం కట్టమనరు. వేషం లేకపోతే తను ఎవరో ఆయనకి సరిగ్గా తెలీదు, అసలు భయం అక్కడుంది.

సరిగ్గా అలాంటప్పుడు, పంతొమ్మిదివందల డెబ్భైనాలుగు మార్చిలో, ఆయనకి జన్మలో మొదటిసారి పెద్ద వేషం వచ్చింది.

ఊళ్లో పాత నూలు మిల్లుని థియేటరుగా మార్చి నడుపుతున్న డైరెక్టరు జూడిత్ ప్రౌట్. ముప్ఫై రెండేళ్ల అమ్మాయి. పొగతాగుతూనే మాట్లాడేది, మాట్లాడుతూనే పరిగెత్తేది. ఆవిడ చేతికి ఒక కుర్ర మేష్టరు రాసిన నాటకం వచ్చింది. కుర్రాడి పేరు నెవిల్ ఫాదర్‌గిల్. కాలువ మీద, పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకు కాసే ముసలివాడి కథ. ఇరవై ఏళ్లుగా ఆ ముసలివాడికీ, పడవ నడిపే తమ్ముడికీ మాటల్లేవు. తమ్ముడి పడవ లాకులోకి రాదు, దూరం నుంచే తిరిగిపోతుంది. చివరికి ఒకరోజు వస్తుంది. లాకులో నీళ్లు నిండేదాకా అన్న తలుపుని తోసే దూలం మీద చెయ్యేసి నిలబడి, ఖాళీ చేతులతో, జనం వైపు చూస్తూ ఒక్క మాటంటాడు: “నీళ్లు సమానమయ్యాయి. ఇక తలుపులు తీయొచ్చు.” అంతే, దీపాలు ఆరిపోతాయి.

“హోరేస్ గారూ, లాకాయన మీరే,” అంది జూడిత్.

“ఎన్ని మాటలున్నాయమ్మా?”

“నాటకమంతా మీరే ఉంటారు.”

ఇంటికొచ్చి విన్నీకి చెప్పాడు. విన్నీ బఠాణీలు ఒలుస్తున్న గిన్నె పక్కన పెట్టింది.

“వద్దని చెప్పకపోయావా?”

“యాభై ఏళ్లు తలుపు తీశాను విన్నీ. ఒక్కసారి ఇంటి యజమానిగా ఉండాలని ఉంది.”

ఆవిడ గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంది. “సరే, మొదటి పేజీ చదువు. తప్పు చెప్పావంటే ఒక్కో తప్పుకి పది బఠాణీలు నువ్వే ఒలవాలి.”

ఆ మూడు వారాల్లో బెల్‌షా ఇంట్లో ఒలిచిన బఠాణీలతో బర్న్‌లీ నుంచి బ్లాక్‌పూల్ దాకా బాట పరవొచ్చు. అయినా పట్టుదల గొప్పది. ముసలాయన వంటింట్లో, మెట్ల మీద, స్నానాల తొట్టిలో వల్లించాడు. ఎదురింటి కుక్క కూడా రెండో అంకం నేర్చుకుందని వీధిలో చెప్పుకున్నారు. నాటకం మొత్తం ఆయన నోటికొచ్చేసింది, ఒక్క చివరి మాట తప్ప.

ఎందుకంటే ఆ మాట నోటితో అనకూడదు. పాత నాటకాలవాళ్ల ఆచారం అది. నాటకంలో చివరి మాట ఏదైతే ఉందో దాన్ని మొదటి ప్రదర్శన దాకా ఎవరూ పైకి పలకరు. చూసేవాడు వచ్చి కూర్చుంటే తప్ప నాటకం పూర్తికాదు, పూర్తికాని దాన్ని పూర్తయినట్టు పలికితే ఆట పాడవుతుందని నమ్మకం. రిహార్సల్లో ఆ చోటికి వచ్చేసరికి ఎవడికి తోచిన చెత్త వాడు పలికి సరిపెట్టేస్తాడు. విన్నీ ఈ విషయంలో పోప్ కన్నా పట్టింపు మనిషి.

“పోనీ వంటింట్లో మెల్లగా అంటే?” అన్నాడు హోరేస్ ఒకరోజు.

“నా ఇంట్లోనా? ముప్ఫై ఆరులో విగన్లో ఏమైందో మర్చిపోయావా? ఆ ఫ్రాంక్ గాడు పంతం కొద్దీ చివరి మాట రిహార్సల్లో అనేశాడు. ఆరోజే మేనేజరు పియానో వాయించేదానితో లేచిపోయాడు. పైకప్పు కారింది. పిల్లి చచ్చింది. ఆఖరికి ఫ్రాంక్‌కి బట్టతల వచ్చింది.”

“వాడికి ముందే బట్టతల.”

“మిగిలిన నాలుగు వెంట్రుకలూ అప్పుడే పోయాయి. నోరు మూసుకుని బఠాణీలు ఒలువు.”

రిహార్సల్లో ఆయన ఆ చోటికి రాగానే దూలం మీద చెయ్యేసి, గంభీరంగా దూరంగా చూసి, “అదీ ఇదీ, ఇదీ అదీ, ఇక టీ తాగుదాం” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నిజంగానే టీ వచ్చేది. తెర చాటు నుంచి మాటలందించే ప్రాంప్టరు మేవిస్ టాటర్‌సల్ అల్లుతున్న స్వెట్టరు పక్కన పెట్టి కెటిల్ ఎత్తేది. అలా రోజుకి రెండుసార్లు, మూడు వారాలు. పోనీ ఆ మాట కూడా ఎక్కడైనా రాసుకుందామా అనుకున్నాడు గానీ, నాటకమంతా కంఠతా వచ్చినవాడికి ఆఖరి ఒక్క ముక్క కోసం పెన్సిలేమిటని పౌరుషం అడ్డొచ్చింది. పైగా రాయడానికి చోటేది? అక్కడ చేతిలో పళ్లెం లేదు, తల మీద టోపీ లేదు.

మంగళవారం సాయంత్రం మొదటి ప్రదర్శన. జనం బాగానే వచ్చారు. హోరేస్ ఆరోజు ఎలా చేశాడంటే, మొదటి అంకంలో ఆయన బూట్లు దులుపుకుంటే ముందు వరసలోవాళ్లు బురద పడుతుందని కాళ్లు వెనక్కి తీసుకున్నారు. ఒక్క తడబాటు లేదు. పక్క తెర చాటు నుంచి చూస్తున్న విన్నీ చేతిలో రుమాలు ముద్దయిపోయింది. చివరికి తమ్ముడి పడవ వచ్చింది. నీళ్ల చప్పుడు పెరిగి పెరిగి ఆగింది. హోరేస్ దూలం మీద చెయ్యేశాడు. దూరంగా చూశాడు. నాలుగొందలమంది ముందుకి వంగారు.

“అదీ ఇదీ,” అన్నాడు హోరేస్ గంభీరంగా, “ఇదీ అదీ. ఇక టీ తాగుదాం.”

దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో హోరేస్ దూలం పట్టుకునే ఉన్నాడు. పైన బాల్కనీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత చప్పట్లు, ముందు వానచినుకుల్లా, తర్వాత జోరుగా. ఆయనకి మాత్రం అవి చప్పట్లలా లేవు, తలుపు మీద ఎవరో బాదుతున్నట్టు ఉన్నాయి. వంగి నమస్కారం పెట్టి, కోటు తగిలించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా విన్నీ చెయ్యి పట్టుకుని ఇంటికి పోయాడు. దారంతా విన్నీ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. ఆవిడ నోరు మెదపలేదంటే పరిస్థితి ఎంత విషమించిందో చూసుకోండి.

మర్నాడు బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకే ఆట. పన్నెండింటికి హోరేస్ థియేటరుకి బయల్దేరాడు. మేకప్ గదిలో తన దువ్వెనా సబ్బూ సర్దుకుని, జూడిత్‌కి సెలవు చెప్పి వచ్చేద్దామని నిశ్చయించుకున్నాడు. తలుపు తీసేసరికి గదిలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

జూడిత్ ఊరి పత్రిక ఊపుతూ వచ్చి ఆయన మెడ కావలించుకుంది. “చదివారా? చదవలేదా? వినండి! ‘ఇరవై ఏళ్ల మౌనం తర్వాత ఆ వృద్ధుడు తమ్ముడితో చెప్పింది క్షమాపణ కాదు, నీతివాక్యం కాదు, టీ తాగుదామని. ఈ దశాబ్దంలో మన రంగస్థలం మీద వినబడిన అతి లోతైన వాక్యం ఇదే.’ లోతైన వాక్యమట హోరేస్ గారూ! రిహార్సల్లో అనే ఆ చెత్తనే, ముందే చెప్పకుండా, ఎంత గడుసుగా అసలు మాటగా మార్చేశారండీ!”

ఆ విమర్శ రాసిన పెద్దమనిషి మామూలుగా ఫుట్‌బాలూ పూల పోటీలూ రాస్తాడు. నాటకం ఆయనకి కొత్త. కొత్తవాడికి అన్నీ లోతే.

“మార్చేశాం, ఇక అదే ఉంచుదాం,” అంది జూడిత్. “ఈరోజు నుంచీ అదే చివరి మాట.”

తమ్ముడి వేషం కట్టే గోర్డన్ భుజం తట్టాడు. “ముసలాయన కడుపులో ఇంత కళ దాచుకుని యాభై ఏళ్లు పళ్లేలు మోశాడు చూడు! వేదిక మీద మనమంతా అద్దెకున్నట్టు, ఇల్లు ఈయనదన్నట్టు.”

హోరేస్ కాళ్ల కింద భూమి మళ్లీ వచ్చినట్టయింది. తను మర్చిపోయాడని ఎవరికీ తెలీలేదు. ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు. కావాలనే చేశానని కూడా అబద్ధమాడక్కర్లేదు, కొంచెం చిరునవ్వు నవ్వితే సరిపోతుంది, చిరునవ్వులు నవ్వడం ఆయన వృత్తి. రోజూ ఆ టీ మాట అంటే మరిచిపోయే భయమే లేదు, నోరు దానికే అలవాటు పడింది. ఇంత హాయైన దారి దేవుడు పిలిచి ఇచ్చాడు. గాలి పీల్చుకుందామని వెనక మెట్ల వైపు వెళ్లాడు.

మెట్ల మీద నెవిల్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో అదే పత్రిక. ఆయన్ని చూసి లేవబోయాడు.

“కూర్చో బాబూ. పేరు పడిందిగా పేపర్లో.”

“పడిందండీ. మొదటిసారి.” కుర్రాడు పత్రిక మడత పెట్టాడు. “పొగిడిన మాట మాత్రం నాది కాదు.”

హోరేస్ పక్కన కూలబడ్డాడు.

“అది నీకు అంత ముఖ్యమా? ఆ నీళ్ల మాట?”

“అది నేను రాసింది కూడా కాదండీ. మా నాన్న మాట. గార్గ్రేవ్ దగ్గర లాకు కాసేవాడు. పడవొచ్చిన ప్రతిసారీ అదే అనేవాడు, రోజుకి ఇరవైసార్లు. నాన్న పోయి నాలుగేళ్లయింది. నాటకమంతా ఆ ఒక్క మాట చుట్టూ కట్టాను.” నెవిల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అమ్మ ఈ మధ్యాహ్నం బస్సులో వస్తోంది. నాటకాలు ఎప్పుడూ చూడలేదు. చివర్లో నాన్న మాట ఉంటుందమ్మా అని చెప్పాను. సరే వస్తానంది.”

“జూడిత్‌కి చెప్పకపోయావా?”

“పత్రిక మెచ్చుకున్న మాట తీసేయమనడానికి నేనెవర్నండీ? పైగా మీరంతటి పెద్దవారు, ఆలోచించే మార్చి ఉంటారు. అమ్మకి ఏదోలా చెప్పుకుంటాను.”

హోరేస్ బెల్‌షాని తుపాకులతో కాల్చారు, కత్తులతో పొడిచారు, ఒకసారి విషం పెట్టిన చేపతో చంపారు. వాటిలో ఏదీ ఆ మాట తగిలినంత లోతుగా తగల్లేదు. యాభై ఏళ్లుగా రచయితలు తనకి మాటలిచ్చారు. ఒకడు ఒక మాట, ఒకడు మూడు. తన సొంత మాట ఒక్కటి లేకుండానే ఇంత బతుకు బతికాడు, ఎవరెవరి మాటలో నోట్లో పెట్టుకుని. అలాంటిది ఈ కుర్రాడు తండ్రి మాట తెచ్చి తన చేతిలో పెడితే, దాన్ని పారేసి, పారేసినందుకు మెప్పు కూడా పుచ్చుకుంటున్నాడు.

ఆయన లేచాడు. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి గదిలోకి వెళ్లాడు.

“అందరూ కాస్త ఇలా వినండి. నేనేమీ మార్చలేదు. మర్చిపోయాను.”

గోర్డన్ నవ్వాడు, తర్వాత ఆపేశాడు.

“రిహార్సల్లో రోజూ అనే చెత్తే నోటికొచ్చింది. నిన్నొక్కరోజే కాదు. రెండేళ్లుగా నాకు మాటలు జారిపోతున్నాయి. టోపీల్లో రాసుకుని నెట్టుకొస్తున్నాను. నీకు ముందే చెప్పాల్సింది జూడిత్. చెబితే వేషం ఇవ్వవని చెప్పలేదు.”

జూడిత్ సిగరెట్టు వేళ్ల మధ్యే కాలిపోతోంది. మూలన స్వెట్టరు అల్లుకుంటున్న మేవిస్ తల ఎత్తకుండానే అంది: “రెండు కాదు, మూడేళ్లు.”

“ఏమిటీ?”

“మూడేళ్లయింది మీకు మొదలై. మీ టోపీలో పెన్సిలు రాత చెమటకి చెరిగిపోతే వారం వారం మళ్లీ ఎవరు దిద్దుతున్నారనుకున్నారు? దేవదూతలా?”

హోరేస్ కొక్కేనికున్న తన వేషం టోపీ తీసి లోపలికి తొంగిచూశాడు.

“నాకు తెలుసు. ఓల్డమ్‌లో ప్రాంప్టరుకి తెలుసు. ప్రెస్టన్‌లో దానికీ తెలుసు. బెల్‌షా వస్తున్నాడు, కుడివైపు దగ్గరగా కూర్చో అని ఒకళ్లకొకళ్లం ఉత్తరం రాసుకుంటాం. మీ భోజనాలకి మేమేగా వంటవాళ్లం.” ఆవిడ ఒక కుట్టు లెక్కపెట్టుకుంది. “నిన్న మాత్రం నేనేం చేయగలను? నాకు అందించే సందిస్తేగా! ఆగితే అందిస్తాను. మీరు ఆగలేదు, దర్జాగా వెళ్లి టీ అడిగేశారు.”

మొదట నవ్వింది విన్నీ. ఆవిడ ఎప్పుడొచ్చిందో తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో గుడ్డ కప్పి తెచ్చిన మటనూ దుంపల హాట్‌పాట్ గిన్నె. తర్వాత గదంతా నవ్వింది. హోరేస్ మాత్రం నవ్వలేకపోయాడు. తను ఒంటరిగా మోస్తున్నాననుకున్న పళ్లేన్ని కింద నుంచి ఇంతమంది చేతులు పట్టుకున్నాయని డెబ్భై మూడో ఏట తెలిస్తే మనిషికి నవ్వెలా వస్తుంది? కోటు బొత్తాం పెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

“విషయం ఇది జూడిత్,” అన్నాడు తల ఎత్తి. “ఆ కుర్రాడి తల్లి వస్తోంది. ఆ మాట వాళ్లాయనది. ఈరోజు ఆ మాటే అంటాను. అనలేకపోతే రేపటి నుంచి వేరేవాళ్లని పెట్టుకో, నేనే తప్పుకుంటాను.”

జూడిత్ పత్రిక వైపు చూసింది. ‘ఈ దశాబ్దంలో అతి లోతైన వాక్యం.’ దాన్ని నాలుగు మడతలు పెట్టి కిటికీ సందులో గాలి రాకుండా దోపేసింది. “గంటన్నర టైముంది. ఏం చేద్దాం?”

“ఏం చేస్తాం, అనిపిద్దాం,” అంది విన్నీ. “మొదటి ఆట అయిపోయింది కదా, ఇంక దోషం లేదు. ఇప్పుడు ఎన్నిసార్లయినా అనొచ్చు. ఊఁ, మొదలుపెట్టు.”

ఆ గంటన్నరలో ఆ మాట ఎన్నిసార్లు పలికిందో చెబితే నమ్మరు. హోరేస్ మెట్లెక్కుతూ అన్నాడు, దిగుతూ అన్నాడు, హాట్‌పాట్‌లో మటన్ ముక్క నములుతూ అన్నాడు. గోర్డన్ ప్యాంటు తొడుక్కుంటూ అన్నాడు. టికెట్లమ్మే ఆవిడ ఫోనెత్తి ‘హలో’కి బదులు “నీళ్లు సమానమయ్యాయి” అందట, అవతలివాళ్లు ప్లంబరనుకుని తమ ఇంటికి రమ్మన్నారట. రెండుంబావు అయ్యేసరికి మిల్లు గోడలకి కూడా ఆ మాట వచ్చేసింది.

వానపడే బుధవారం మధ్యాహ్నం. వచ్చింది అరవైమంది, అందరూ పింఛనుదార్లు, తడి గొడుగులు, పెప్పర్‌మెంటు కాగితాల చప్పుడు. మూడో వరస చివర నెవిల్, పక్కన నల్ల టోపీ పెట్టుకున్న పొట్టి ముసలామె. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో నిటారుగా నిలబెట్టి, డాక్టరు గదిలో వంతు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

నాటకం సాగింది. చివరికి పడవ వచ్చింది. నీళ్ల చప్పుడు పెరిగి ఆగింది. హోరేస్ దూలం మీద చెయ్యేసి దూరంగా చూశాడు.

ఖాళీ. వందలసార్లు అన్న మాట ఏ మూలకి పోయిందో పోయింది. నాలుక చివర టీ మాట మాత్రం బుద్ధిగా తయారుగా నిలబడి ఉంది. కుడివైపు తెర చాటున మేవిస్ ముందుకి వంగడం ఆయనకి తెలుస్తూనే ఉంది. తల కొంచెం తిప్పితే చాలు, అందించేస్తుంది. కానీ తిప్పబుద్ధి కాలేదు. చేతి కింద దూలం ఉంది. లాకు కాసేవాడు ఈ చోట ఏం చేస్తాడు? ఏమీ చేయడు. తొందరపడితే నీళ్లు రావు, తోస్తే తలుపులు తెరుచుకోవు. రెండువైపులా మట్టం ఒకటయ్యేదాకా నిలబడాలి, అంతే. సరే, నిలబడదాం అనుకున్నాడు. యాభై ఒక్క ఏళ్లలో ఆయన వేదిక మీద భయం లేకుండా మాట కోసం ఆగడం అదే మొదటిసారి. పెప్పర్‌మెంటు కాగితాల చప్పుడు ఆగిపోయింది. మేవిస్ అందించలేదు. అది ఆగడమో మర్చిపోవడమో ఆవిడ కళ్లకి తెలుసు.

“నీళ్లు సమానమయ్యాయి,” అన్నాడు హోరేస్, పెద్ద విషయమేమీ కానట్టు, రోజుకి ఇరవైసార్లు అనేవాడిలా. “ఇక తలుపులు తీయొచ్చు.”

దీపాలు ఆరేలోపు ఉన్న ఆ ఒక్క క్షణంలో మూడో వరస నుంచి ఒక గొంతు స్పష్టంగా వినిపించింది. “ఆఁ. అలాగే అనేవాడు.”

ఆట అయ్యాక మేకప్ గదిలో హోరేస్ బూట్లు విప్పుకుంటుంటే నెవిల్ తల్లిని తీసుకొచ్చాడు. విన్నీ కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు. హ్యాండ్‌బ్యాగు రెండు చేతుల్తో పట్టుకుని హోరేస్‌ని పైనుంచి కిందిదాకా చూసింది.

“మీ ముఖం నాకు తెలుసండీ. మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసేవారు కదూ?”

హోరేస్ నోటిదాకా వచ్చింది, చేశానమ్మా అని. విన్నీ చూపు తగిలింది. “లేదమ్మా,” అన్నాడు. “నేను నటుణ్ణి.”

“ఓహో. బాగా చేశారు మరి.” ఆవిడ గోడకి ఆనించిన సామాన్ల వైపు చూసింది. నీళ్ల షట్టర్లు ఎత్తడానికి తిప్పే ఇనప పిడి అక్కడే ఉంది. “కానీ దాన్ని కుడిచేత్తో పట్టుకున్నారు. అది తప్పు. మా ఆయన ఎడంచేత్తో తిప్పేవాడు. కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి, పడవవాడు తాడు విసిరితే అందుకోడానికి.”

“అమ్మా,” అన్నాడు నెవిల్ ఇబ్బందిగా.

“నువ్వుండు. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?”

హోరేస్ ఒక బూటుతోనే లేచి వెళ్లి ఆ పిడి తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ బ్యాగు కొడుక్కి ఇచ్చి, ఎడంచేత్తో పిడి పట్టుకుని, నడుము కాస్త వంచి, గాలిలో నాలుగు చుట్లు తిప్పింది. నల్ల టోపీ పక్కకి జారింది. హోరేస్ ఆ నడుమునీ, ఆ మోచేతినీ, బరువు మోపిన ఆ ఎడమ పాదాన్నీ కళ్లార్పకుండా చూశాడు. తర్వాత పిడి తీసుకుని అలాగే తిప్పాడు.

“ఇలాగానా?”

“మోచెయ్యి కిందికి. ఆఁ. ఇప్పుడు సరిగ్గా ఉంది.”

“చాలా మేలు చేశారమ్మా,” అన్నాడు హోరేస్. ఆ మాట ఎవరూ రాసిచ్చింది కాదు, ఆయన సొంతం. “ఇంకా ఏమైనా తప్పులు చేశానా?”

“బోలెడు,” అంది మిసెస్ ఫాదర్‌గిల్, టోపీ సరిచేసుకుని కుర్చీ లాక్కుంటూ. “ముందు మీరు కూర్చోండి.”

హోరేస్ కూర్చున్నాడు.